చక్రవర్తి మీద ఎక్కించమన్నారు

మా బాబాయ్‌కి గుంటూరు బ్రాడీపేటలో క్యాసెట్ల షాపు ఉండేది. షాపంటే మరీ ఊహించుకోకండి, ఒక మేడ మెట్ల కింద ఖాళీ జాగా, అందులో రెండు డెక్కులు, ఒక ఆంప్లిఫయరు, గోడ నిండా మాస్టర్ క్యాసెట్లు (పాటలు కాపీ తీసేది వీటిలోంచే), కూర్చోడానికి ఒక స్టూలు. జనం నోటుబుక్కులోంచి కాగితం చింపి పాటల లిస్టు రాసుకొచ్చేవాళ్లు, ఖాళీ క్యాసెట్ చేతిలో పెట్టి "సాయంత్రానికి ఎక్కించి పెట్టన్నా" అని వెళ్లిపోయేవాళ్లు. అరవై నిమిషాల క్యాసెట్‌లో పన్నెండు, పదమూడు పాటలు పట్టేవి. (అలా ఎక్కించడం చట్టం ఒప్పుకోని పని అని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పట్లో ఊరూరా అదే వ్యాపారం.)

బడికి సెలవులిస్తే నేను ఆ స్టూలు మీదే. లిస్టు చూసి మాస్టర్ క్యాసెట్ తీసివ్వడం నా డ్యూటీ. ఎనభై ఆరు, ఎనభై ఏడు ప్రాంతంలో ఆ పని చాలా సులువు, ఎందుకంటే లిస్టులో సగానికి పైగా ఒకే అరలో దొరికేవి. సంగీత దర్శకుడు చక్రవర్తి అర. మా జిల్లా మనిషే, తాడికొండ దగ్గర పొన్నెకల్లు, అసలు పేరు కొమ్మినేని అప్పారావు. తొమ్మిది వందలకు పైగా సినిమాలు చేశాడు. వేటగాడు ఆయనదే, ప్రేమాభిషేకం ఆయనదే, ప్రతిఘటన కూడా ఆయనదే, ఈ మూడూ ఒకే మనిషి చేశాడంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఎన్టీఆర్‌కి స్టెప్పులు, ఏయన్నార్‌కి విషాదం, కృష్ణకి డ్యూయెట్లు, ఎవరికేది కావాలంటే అది. అది చాలదన్నట్టు డబ్బింగ్ కూడా చెప్పేవాడు.

తర్వాత నాలుగైదేళ్లలో ఆ అర మీద దుమ్ము పేరుకుంది. ఎలాగో చెప్పాలంటే చిరంజీవి సినిమాలు వరసగా చూసుకుంటే చాలు. 1983లో ఖైదీ, 1987లో పసివాడి ప్రాణం, రెండూ చక్రవర్తివే. 1988లో యముడికి మొగుడు రాజ్-కోటి. 1990లో జగదేకవీరుడు అతిలోకసుందరి ఇళయరాజా. 1991లో గ్యాంగ్ లీడర్ బప్పీలహరి. 1992లో ఘరానా మొగుడు కీరవాణి. వీటిలో జగదేకవీరుడూ ఘరానా మొగుడూ తీసింది రాఘవేంద్రరావు, అంటే ఎనభైలలో చక్రవర్తితో వరసబెట్టి హిట్లు కొట్టిన దర్శకుడే. ఇక రాజ్-కోటి, కీరవాణి అయితే బయటినుంచి ఊడిపడ్డవాళ్లు కాదు, చక్రవర్తి దగ్గర పనిచేసి వచ్చినవాళ్లే. బప్పీలహరి సంగతి ఇంకా చిత్రం. ఊరికి మొనగాడు తెలుగులో చక్రవర్తిది, హిందీలో హిమ్మత్‌వాలాగా తీస్తే బప్పీది, ఆ తర్వాత మూడేళ్లకి 1986లో సింహాసనంతో ఆయన్ని నేరుగా తెలుగులోకే తీసుకొచ్చేశారు.

చాలామంది ఏమంటారంటే, ఆయన దగ్గర సరుకు అయిపోయింది, ట్యూన్లు తిప్పితిప్పి కొట్టాడు అని. అందులో అబద్ధం లేదు. ఏడాది పొడుగునా సినిమా మీద సినిమా చేస్తుంటే ఎవరికైనా పాత పల్లవే కొత్త మాటలు కప్పుకుని వస్తుంది. లిస్టులో వరసగా రెండు పాటలు ఎక్కిస్తుంటే రెండోది మొదలైందో లేదో నాకే అర్థమయ్యేది కాదు, బాబాయ్ నెత్తిమీద ఒకటిచ్చి "ఏందిరా, అదే పాట మళ్లీ ఎక్కిస్తున్నావా" అనేవాడు, తీరా చూస్తే వేరే పాట.

కానీ అదొక్కటే అయితే అంత త్వరగా పడిపోడు. నాకు అనిపించేది ఏంటంటే, ఆయన్ని దెబ్బకొట్టింది మా షాపులాంటి షాపులే. చక్రవర్తి పాట జనం పాడుకోడానికి కట్టిన పాట. హాల్లో ఒక్కసారి వింటే పల్లవి నోటికొచ్చేయాలి, ఇంటర్వెల్లో టీ తాగుతూ పాడుకోవాలి, పెళ్లిలో బ్యాండు మేళం వాళ్లు వాయించుకోవాలి, మైకులో ఊరి చివరి దాకా ఢోలక్ దెబ్బ వినిపించాలి. ఆ లెక్కలో ఆయన్ని మించినవాడు లేడు. అయితే ఇళ్లలోకి రెండు స్పీకర్ల డెక్కులు వచ్చాక జనం పాడుకోవడం తగ్గించి కూర్చుని వినడం మొదలుపెట్టారు. ఇళయరాజా గీతాంజలి పెట్టి, ఇంజినీరింగ్ చదివే ఒకబ్బాయి షాపులో నిలబడి "బాస్ గిటార్ విను బాబాయ్, ఈ పక్క స్పీకర్లో" అన్నాడు. అది 1989. అంతకుముందు మా షాపుకొచ్చినవాళ్లెవరూ బాస్ గిటార్ అన్న మాట పలకలేదు. అదే చెవితో చక్రవర్తి పాట వింటే గొంతూ తబలా ముందుకొచ్చి, వయొలిన్లు ఎక్కడో వెనక గుంపుగా మూలిగినట్టు ఉంటాయి. 1992లో రోజా వచ్చాక ఆ తేడా చిన్నపిల్లలకి కూడా తెలిసిపోయింది. గొంతు మాత్రం అదే బాలు గొంతు. పాడేవాడు పాతబడలేదు, ఆ గొంతు చుట్టూ ఉన్న మోతే పాతబడింది.

బాబాయ్ ఇది ఒప్పుకునేవాడు కాదు. "రాగం నిలబడాలిరా, రంగులెందుకు" అనేవాడు. అంటూనే ఇళయరాజా మాస్టర్లకి ఇంకో అర కొట్టించాడు, వ్యాపారం వ్యాపారమే కదా.

అసలు బాధ తర్వాత మొదలైంది. ఖాళీ క్యాసెట్ కొనడం ఎందుకని జనం పాత క్యాసెట్లే తెచ్చి "దీనిమీద ఎక్కించన్నా" అనడం మొదలుపెట్టారు. అట్ట మీద చూస్తే నా చేతిరాతే, ఐదారేళ్ల కింద రాసింది, చక్రవర్తి హిట్స్ అని. ఆ పేరు మీద పెన్నుతో గీత కొట్టి కొత్త పేరు రాయాలి. మొదట్లో బాబాయ్ "దీన్ని ఉంచుకోండి, కొత్త క్యాసెట్ పావలా తక్కువకిస్తా" అని బేరమాడేవాడు. ఎవరూ వినలేదు. కొన్నాళ్లకి ఆయనా అడగడం మానేశాడు.

1993లో గాయం వచ్చింది. సంగీతం శ్రీ, చక్రవర్తి కొడుకు. కుర్రాళ్లు విరగబడ్డారు, మా షాపులో ఒక్కరోజే పాతిక క్యాసెట్ల దాకా ఎక్కించాం. అందులో సగం పాతవాటి మీదే. కొడుకు పాటలు తండ్రి పాటల మీద ఎక్కిస్తున్నానని నాకు అప్పుడు తట్టలేదు, ఇది రాస్తుంటే తట్టింది.

చక్రవర్తి 2002 ఫిబ్రవరి 3న పోయాడు. అప్పటికి బాబాయ్ షాపు తీసేసి ఎస్టీడీ బూత్ పెట్టాడు, అదీ ఆఖరి రోజుల్లోనే ఉంది. డెక్కులు అమ్మేశాడు, మాస్టర్లు కొన్ని అట్టపెట్టెలో కట్టి మా ఇంటి అటక మీద పడేశాడు. పోయిన సంక్రాంతికి అటక దులుపుతుంటే ఆ పెట్టె దొరికింది. పాత టేప్ రికార్డర్ ఒకటి బాగుచేయించి, చేతికొచ్చిన క్యాసెట్ పెట్టాను. గాయం పాటలు. ఎవరో తీసుకెళ్లకుండా మా దగ్గరే వదిలేసిన క్యాసెట్ అయి ఉంటుంది. సైడ్ అయిపోయేముందు ఆఖరి పాట ఆగింది, రెండు సెకన్లు గరగర, తర్వాత ఉన్నట్టుండి ఢోలక్, దాని మీద బాలు, సుశీల, ఒక డ్యూయెట్ చివరి చరణం. కొత్తవి ఎక్కించినా టేపు చివర మిగిలిపోయిన ముక్క. అవతల వంటింట్లోంచి అమ్మ ఆ చరణం అందుకుంది, టేపు టక్కున ఆగిపోయినా ఆవిడ పల్లవి దాకా పాడుకుంటూనే ఉంది.