సంతూర్‌లో జర్రుమనే చప్పుడు: ఎట్టకేలకు దొంగ దొరికాడు

నా సంతూర్‌లో (తీగల మీద సన్నటి కర్రలతో కొట్టి వాయించే వాయిద్యం, ఆ కర్రనే కలం అంటారు) పంచమం మీద కలం పడితే చాలు, జర్ర్‌మని చప్పుడు. మిగతా స్వరాలన్నీ శుభ్రంగా మోగుతున్నాయి. నిన్న రాత్రికి గానీ దాని పీడ వదల్లేదు. ఇంకెవరైనా ఇలా తల పట్టుకుని కూర్చుంటే పనికొస్తుందని వేడిమీదే రాస్తున్నాను.

ముందు బల్ల మీద అనుమానం వచ్చి సంతూర్‌ని ఒళ్లోకి తీసుకున్నాను. (కశ్మీర్‌లో సూఫియానా, అంటే అక్కడి సూఫీ సంగీతం, కళాకారులు స్టాండు మీద పెట్టే వాయిస్తారు. ఒళ్లో పెట్టుకునే పద్ధతికి పేరు తెచ్చింది సంతూర్ విద్వాంసుడు శివకుమార్ శర్మ గారు.) చప్పుడు పోలేదు. తర్వాత శ్రుతి చూశాను. ఒక బ్రిడ్జి (తీగల్ని ఎత్తి పట్టే చిన్న చెక్క దిమ్మ) మీది నాలుగు తీగలూ సరిగ్గా కలవకపోతే శబ్దం అలలు అలలుగా ఊగుతుంది, అంతే గానీ జర్రుమనదు. బ్రిడ్జి కూడా ఒరిగిపోలేదు.

సరే, షాపుకి తీసుకెళ్లాను. షాపాయన వాయిద్యం మీద చెయ్యి కూడా వెయ్యకుండానే, "పంచమం తీగలు తుప్పు పట్టాయి సార్" అన్నాడు. నాలుగూ మార్చాడు, డబ్బులు తీసుకున్నాడు. ఇంటికొచ్చి వాయిస్తే అదే జర్రు. ఫోన్ చేస్తే, "వానాకాలం కదా సార్, చెక్కకి తేమ పట్టింది" అట. మరి ఆ తేమ పంచమానికే పట్టిందా? గిటార్లు అమ్ముకునే షాపుకి సంతూర్ తీసుకెళ్లకండి, అంతే.

అసలు అవమానం క్లాసులో జరిగింది. మా గురువుగారు విని, పిల్లలందరి ముందూ, "వాయిద్యానికేం లేదయ్యా, నీ చెయ్యి బరువు. పట్టుకుంది కలం అనుకున్నావా, రోకలి అనుకున్నావా?" అన్నారు. నలభై దాటాక నేర్చుకుంటున్నవాణ్ణి. పక్కన పదేళ్ల పిల్లలు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. క్లాసు అయ్యేదాకా ఒక్క పంచమమే మెల్లగా కొట్టమన్నారు. కొట్టాను. మెల్లగా కొడితే మెల్లగా జర్రుమంది. "సార్, ఒక్కసారి మీరు వాయించి చూడండి" అని అడిగాను. ఆయన వాయించారు. ఆయన చేతిలోనూ జర్రుమంది! ఇప్పుడైనా ఒప్పుకుంటారనుకుంటే, "చూశావా, నీ దెబ్బలకి ఇదీ అలవాటు పడిపోయింది" అన్నారు. ఇక నేనేం మాట్లాడతాను? సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

ఆ కోపంతోనే నిన్న రాత్రి పట్టుబట్టి కూర్చున్నాను. మా అమ్మాయిని పంచమం కొడుతూనే ఉండమని, నేను పెన్సిల్ వెనకున్న రబ్బరుతో ఒక్కొక్క భాగాన్నీ నొక్కుకుంటూ పోయాను. బ్రిడ్జిలు, అంచు పట్టీ, ఎడమవైపు మేకులు, ఏది నొక్కినా తేడా లేదు. కుడివైపు, శ్రుతి చేయడానికి తిప్పే మరల దగ్గరికొచ్చాను. పంచమానికి ఏ సంబంధమూ లేని మంద్ర నిషాదం (కింది స్థాయి 'ని') మర మీద రబ్బరు ఆనించగానే చప్పుడు ఠక్కున ఆగింది. "నాన్నా, అక్కడే!" అని అరిచింది అమ్మాయి. టార్చి వేసి చూస్తే, ఆ మరకి చుట్టిన తీగ కొస పావు అంగుళం బయటికి పొడుచుకొచ్చి పక్క తీగని ఆనీ ఆననట్టు తాకుతోంది. గట్టిగా ఆనితే మోగదు, దూరంగా ఉన్నా మోగదు. శ్రుతి చేసేటప్పుడు మర తిరిగితే కొస కూడా తిరుగుతుంది. చప్పుడు ఉన్నట్టుండి మొదలైంది అందుకే. వినిపించిన చోటే వెతికినంత కాలం ఇది దొరికేది కాదు.

కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించేశాను. కత్తిరించేటప్పుడు కొసని రెండో చేత్తో పట్టుకోండి, ఎగిరి కంట్లో పడుతుంది. పనిలో పనిగా మిగతా మరలూ చూసి, పొడుచుకొచ్చిన కొసలన్నీ తీసేశాను. అంచుకీ మరలకీ మధ్య మనం వాయించని తీగ ముక్కలు ఉంటాయి కదా, వాటి సందుల్లో కిందికీ పైకీ సన్నటి ఫెల్ట్ గుడ్డ అల్లాను. మిగిలిన కాస్త గుయ్యిమనడం కూడా పోయింది. షాపాయన ముప్పై ఏళ్ల అనుభవం చేయలేని పని ఒక రబ్బరు ముక్క చేసింది.

ఇవాళ క్లాసులో పంచమం గంటలా మోగింది. గురువుగారు కళ్లు మూసుకుని విని, "చెప్పానా, చెయ్యి తేలిక చేస్తే అదే పోతుందని" అన్నారు. "అవును సార్" అన్నాను.