వాక్యం చివరి మాట

నాటకాల్లోకి వచ్చిన కొత్తలో నాకు దొరికినవన్నీ చిన్న వేషాలే. వాటిలో పనిమనిషి వేషం ఒకటి. మొత్తం నాలుగు డైలాగులు. నాలుగోది ఆఖరి సీన్లో వస్తుంది: “అమ్మగారూ, మీరు ఏడ్చినట్టు అయ్యగారికి నేను చెప్పను.” ఆ ఒక్క వాక్యం మీదే ప్రాణం పెట్టుకున్నాను.

మొదటి ప్రదర్శన అయ్యాక, చివరి వరసలో కూర్చున్న స్నేహితురాలు మేకప్ గదికి వచ్చింది. “అంతా బాగుంది గానీ, ఇంతకీ చెప్తానన్నావా, చెప్పనన్నావా?” అంది. నాకు నోట మాట రాలేదు. ఆ సీనంతా ‘చెప్పను’ మీదే నిలబడి ఉంది మరి.

మర్నాడు డైరెక్టర్ గారు నన్ను స్టేజి మీద నిలబెట్టి, తను వెళ్ళి ఖాళీ హాల్లో చివరి వరసలో కూర్చున్నారు. డైలాగ్ చెప్పమంటే అరిచినంత పని చేశాను. “అరవకమ్మా. ‘అయ్యగారికి’ దాకా బాగానే వినపడుతోంది. ఆ తర్వాత నీకు ఊపిరి చాలట్లేదు” అన్నారు. నిజమే. టెన్షన్‌తో భుజాలు ఎగరేసి పైపైన పీల్చుకున్న గాలి సగం వాక్యానికే అయిపోతోంది.

తెలుగులో క్రియ చివర్లో వస్తుంది కదా. వస్తాను, రాను. చెప్తాను, చెప్పను. ఔనో కాదో తేలేది అక్కడే. బాధగా మాట్లాడేటప్పుడు గొంతు దిగిపోయేదీ సరిగ్గా అక్కడే. చిన్నప్పటినుంచీ మాట్లాడుతున్న భాష గురించి ఇంత ముఖ్యమైన సంగతి నాకు స్టేజి ఎక్కాకే తెలిసింది.

వారం రోజులు ఇంట్లో నేలమీద వెల్లకిలా పడుకుని, పొట్ట మీద పుస్తకం పెట్టుకుని ఊపిరి పీల్చాను. పుస్తకం లేవాలి, భుజాలు కదలకూడదు. వాక్యాన్ని వెనకనుంచి పేర్చుకుంటూ వచ్చాను. “చెప్పను.” “నేను చెప్పను.” “అయ్యగారికి నేను చెప్పను.” అలా అంటూ ఉంటే ఇంకోటి తెలిసింది. ‘ప్ప’ దగ్గర పెదాలు గట్టిగా కలిసి విడిపోతే, గొంతు పెంచకుండానే మాట దూరం వెళ్తుంది. రహస్యం చెబుతున్నట్టే ఉంటుంది, అయినా వినపడుతుంది.

రెండో ప్రదర్శనలో ఆ డైలాగ్ దగ్గరికి వచ్చేసరికి తొందరపడలేదు. ఊపిరి నిండా తీసుకుని మెల్లగా అన్నాను. అమ్మగారి వేషం వేసే అక్క అప్పుడు కిటికీ వైపే చూస్తూ ఉండాలి, రిహార్సల్స్‌లో రోజూ అలాగే చేసేది. ఆ రోజు మాత్రం ‘చెప్పను’ అనగానే తల తిప్పి నా వైపు చూసింది.