చంద్రుడు లేని రాత్రి చంద్రతాల్‌లో

"మంగళవారం బయల్దేరి అమావాస్యకు చేరతావా? నీకు వేరే రోజే దొరకలేదా?" అంది అమ్మ ఫోన్‌లో.

దొరకలేదు మరి. ఆకాశాన్ని ఫొటో తీయాలనుకునేవాడికి పంచాంగంలో పనికొచ్చేది అమావాస్య ఒక్కటే. వెన్నెల ఉంటే పాలపుంత వెలిసిపోతుంది. 2023 సెప్టెంబరు 14, గురువారం, శ్రావణ అమావాస్య. అమ్మ లెక్కలో అది పోలాల అమావాస్య. పిల్లలు చల్లగా ఉండాలని కంద మొక్కకు పూజ చేసి, పూర్ణం బూరెలు వండే రోజు. ఆ పూట పిల్లాడు ఇంట్లో లేకపోగా, ఫోన్ సిగ్నలే లేని కొండల్లో తిరుగుతానంటున్నాడు. నాలుగు రోజుల్లో వినాయక చవితి, ఆలోపు ఇంట్లో ఉంటానని ఒట్టేశాక వదిలింది.

చంద్రతాల్ హిమాచల్‌ప్రదేశ్‌లోని లాహౌల్-స్పితి జిల్లాలో ఉంది. నెలవంక ఆకారంలో ఉంటుంది కాబట్టి ఆ పేరు. చంద్రుడి పేరున్న సరస్సుకు చంద్రుడు లేని రాత్రి వెతుక్కుని వెళ్లడం ఏమిటని మా బావ దారంతా ఏడిపిస్తూనే ఉన్నాడు. వాడికి ఫొటోల పిచ్చి లేదు. కొండల్లో మ్యాగీ తినడానికి వచ్చాడు.

ఢిల్లీ నుంచి రాత్రి బస్సులో మనాలి చేరాం. జులై వరదల్లో బియాస్ నది కోసేసిన రోడ్డు చాలాచోట్ల ఇంకా గాయాలతోనే ఉంది. ఆ జులైలోనే చంద్రతాల్ క్యాంపుల్లో దాదాపు 290 మంది మంచులో రోజుల తరబడి చిక్కుకుపోయారు. దారిలో మంచు తవ్వి వాళ్లను బయటికి తెచ్చారు. ఈ సంగతి అమ్మకు చెప్పలేదు. మీ అమ్మకూ చెప్పకండి.

గురువారం పొద్దున్నే జీపులో బయల్దేరాం. అటల్ సొరంగం 9.02 కిలోమీటర్లు. ఇటువైపు దేవదారు చెట్లు, మబ్బులు, పచ్చదనం. పది నిమిషాల్లో అటువైపు తేలేసరికి ఎండ, బోడి కొండలు. గ్రాంఫూ దాటాక రోడ్డన్న మాట మర్యాదకు వాడాలి. నది పక్కన రాళ్లు, రాళ్ల మీద నీళ్లు, ఆ నీళ్లలోంచి జీపు. బాతల్ వరకు సుమారు 50 కిలోమీటర్లకు నాలుగున్నర గంటలు పట్టింది. పక్కనే పారుతున్నది చంద్రా నది. కిందికి వెళ్లి తాండి దగ్గర భాగా నదితో కలిసి చంద్రభాగ అవుతుంది, ఇంకా కిందికి వెళ్లి చీనాబ్ అవుతుంది. బాతల్ ధాబాలో రాజ్మా అన్నం పెట్టారు. బావ యాత్ర అక్కడితో సఫలమైంది.

నేను చేసిన మొదటి తప్పు ఇక్కడే బయటపడింది. మనాలి 2,050 మీటర్ల ఎత్తు, చంద్రతాల్ సుమారు 4,300. ఒక్క రోజులో అంత ఎక్కకూడదు. షిమ్లా, కిన్నౌర్ మీదుగా స్పితి లోయలోని కాజా ఊరికి వచ్చి, అక్కడ రెండు రాత్రులు ఆగి రావడం తెలివైనవాళ్ల పద్ధతి. సెలవులు లేవని నేను అడ్డదారి పట్టాను. సాయంత్రం నాలుగింటికి క్యాంపులో దిగేసరికి కణతల దగ్గర ఎవరో మేకులు దిగగొడుతున్నట్టుంది. బూటు లేసు కట్టుకోవడానికి వంగితే ఆయాసం. క్యాంపు నడిపే ఆయన నా మొహం చూసి వెల్లుల్లి సూప్ ఇచ్చాడు, పడుకోవద్దన్నాడు. తలనొప్పి పెరిగినా, వాంతులైనా రాత్రికి రాత్రే జీపెక్కించి కిందికి పంపేస్తానని ముందే చెప్పాడు. అదృష్టం కొద్దీ పెరగలేదు.

సరస్సు 2005 నుంచి రామ్సర్ చిత్తడి నేలల జాబితాలో ఉంది. ఒడ్డున గుడారాలు వేయనివ్వరు, క్యాంపులన్నీ రెండు మూడు కిలోమీటర్ల ఇవతలే. జీపు ఆగే చోటు నుంచి కూడా కిలోమీటరు దాకా నడవాలి. చీకట్లో మమ్మల్ని ఒంటరిగా పంపడానికి ఒప్పుకోక, క్యాంపాయన తన దగ్గర పనిచేసే కుర్రాడిని తోడిచ్చాడు. వాడు చెప్పులేసుకుని ముందు నడుస్తుంటే, వెనక మేమిద్దరం నాలుగు పొరల బట్టల్లో రొప్పుతూ నడిచాం.

నీళ్లు కనబడగానే మాటలు ఆగిపోయాయి. పొద్దు కుంకుతున్న వేళ, నీలం ఆకుపచ్చలోకి తిరుగుతోంది. ధర్మరాజును ఇంద్రుడి రథం ఎక్కించుకుంది ఇక్కడేనని స్థానికంగా చెబుతారు. కుక్కతో సహా అంత ఎత్తుకు నడిచొచ్చిన ఆయన మీద నాకు ఆ క్షణంలో గౌరవం బాగా పెరిగింది.

దారి సరస్సు దక్షిణపు కొసకు చేరుస్తుంది. సెప్టెంబరులో పాలపుంత నడిబొడ్డు, అంటే వృశ్చికం, ధనూరాశుల వైపున్న చిక్కటి భాగం, పొద్దుగూకాక నైరుతిలో ఉంటుంది. అది నీళ్ల మీద కనబడాలంటే మనం సరస్సుకు ఉత్తరాన నిలబడాలి. కాబట్టి తూర్పు గట్టు వెంట మళ్లీ నడక. ఎనిమిదింటికి పూర్తి చీకటి పడుతుంది, తొమ్మిదిన్నర దాటితే ఆ భాగం కొండ వెనక్కి పోతుంది. చేతిలో ఉన్నది గంటన్నర.

ట్రైపాడ్ నిలబెట్టి, కాళ్లకు రాళ్లు ఒత్తుపెట్టాను. 20 మిల్లీమీటర్ల లెన్స్. భూమి తిరుగుతోంది కాబట్టి షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచితే చుక్కలు గీతలవుతాయి. 500ను లెన్స్ మిల్లీమీటర్లతో భాగిస్తే వచ్చేన్ని సెకన్లు ఆగొచ్చని పాత లెక్క ఒకటుంది. దాని ప్రకారం 25 సెకన్లు. ఇప్పటి కెమెరాలకు అది ఉదారమైన లెక్క, నేను 15 దాటను. వెలుతురును కెమెరా ఎంత పట్టాలో చెప్పే ఐఎస్ఓ 3200. ఒక వెలిగే చుక్కను తెర మీద బాగా పెద్దది చేసి, అది సూదిమొనంత అయ్యేదాకా చేత్తో ఫోకస్ తిప్పాలి. నడినెత్తిన ఉన్న అభిజిత్తు నక్షత్రాన్ని పట్టుకుని చేశాను. అంతా సవ్యంగానే ఉంది.

తరవాత చలి మొదలైంది. లెన్స్ అద్దం మీద తేమ పట్టింది. దానికి మందు నా దగ్గరుంది: చేతులు వెచ్చబెట్టుకునే పొట్లాలు రెండు లెన్స్ చుట్టూ పెట్టి రబ్బరు బ్యాండ్ వేశాను. తేమ పోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

కంటికి పాలపుంత రంగుల్లో కనబడదు, ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. చీకట్లో మన కళ్లు రంగులు పట్టవు. కనబడేది బూడిద కలిసిన తెలుపు, ఎవరో పిండి జల్లి ఊదినట్టు. ఊదా, నారింజ రంగులన్నీ పదిహేను సెకన్లపాటు వెలుతురు పోగేసుకున్న కెమెరా సంపాదన. అయినా ఆ బూడిద రంగు పటమే ఎక్కువ భయపెట్టింది. కొండ అంచు నుంచి నడినెత్తి మీదుగా వెనక కొండ దాకా, మధ్యలో నల్లటి చీలికలతో సహా. బావ కిందపడుకుని చాలాసేపు మాట్లాడలేదు. వాడు మాట్లాడకుండా ఉండటం నేను చూసింది పెళ్లిచూపుల రోజున, మళ్లీ ఇప్పుడు.

గాలి మాత్రం ఆగలేదు. నీళ్లలో ప్రతిబింబం కావాలంటే నీరు అద్దంలా నిలవాలి. చిన్న అల వస్తే చాలు, ఆకాశం మరకైపోతుంది. అయినా నలభై దాకా తీశాను. తొమ్మిదీ నలభైకి చిక్కటి భాగం కొండలో దిగిపోయింది. అప్పుడు తీరిగ్గా ఒక ఫొటోను తెర మీద పెద్దది చేసి చూశాను.

చుక్కలన్నీ మరమరాల్లా ఉన్నాయి. ఇంకోటి చూశాను, మరమరాలే. నా రబ్బరు బ్యాండ్ ఫోకస్ రింగును వెంట్రుకవాసి తిప్పేసింది. మురిసిపోయాక తీసినవన్నీ పాడు.

హైదరాబాద్ నుంచి ఇక్కడికి మూడు రోజుల దారి. తల పగులుతోంది. బావ ఓదార్చే ప్రయత్నంలో, "పోన్లే, ఫోన్‌లో చూస్తే తెలీదుగా" అన్నాడు. ఆ మాటకు ఇప్పటికీ క్షమించలేదు.

కుర్రాడు చలికి ఒళ్లు దగ్గరకు తీసుకుంటున్నాడు. తిరుగుదారిలో పడమటి గట్టు మీదుగా వెళ్దామన్నాడు, అటు గాలి తక్కువట. ఎర్ర లైటు వెలుతురులో, ఎవరితో మాట్లాడకుండా వాడి వెనకే నడిచాను. సగం దూరం వచ్చాక వాడు ఆగి నీళ్లలోకి వేలు చూపించాడు.

తూర్పు కొండ మీద గురుగ్రహం ఎక్కి ఉంది. గాలి ఎప్పుడు పడిపోయిందో గమనించనేలేదు. కొండ నీడ దాటి, నీళ్లలో అవతలి గట్టు నుంచి మా కాళ్ల దాకా సన్నటి వెలుతురు చార. పైన గురువుకు ఎడమవైపు, కొంచెం కిందగా, ఏడెనిమిది చుక్కలు ముద్దగా. నీళ్లలోనూ అదే ముద్ద, కొంచెం మసగ్గా. కృత్తికలు. ఎండాకాలం చివర్లో తెల్లవారుజామున డాబా మీద మంచంలోంచి లేపి మా నాయనమ్మ చూపించిన పిల్లలకోడి. దానికి కృత్తికలని పేరుందని నాకు కాలేజీలో తెలిసింది.

పొట్లాలు పీకేశాను. గురువంత వెలిగే గుర్తు ఉండగా ఫోకస్‌కు వెతుక్కునే పనే లేదు. చొక్కా లోపలి జేబులో ఒంటి వేడికి దాచిన ఆఖరి బ్యాటరీ వేశాను. చలికి మిగతా రెండూ సగంలోనే చచ్చిపోయాయి. పదకొండు ఫొటోలు తీశాక అదీ ఆగింది. అందులో నాలుగింట్లో నీళ్లు కదలలేదు.

తెల్లారగట్ల తలనొప్పికి నిద్రపట్టక టెంట్ బయటికొస్తే వేగుచుక్క కొండ మీద నిలబడి ఉంది, కెమెరా అక్కర్లేనంత వెలుగుతో. పాలపుంత నడిబొడ్డు కోసం వెళ్లి అది లేకుండా తిరిగొచ్చినందుకు బాధ లేదంటే అబద్ధం. వచ్చే ఏడాది కాజా వైపు నుంచి వెళ్తాను, ఫోకస్ రింగుకు టేపు వేసుకుని.

చవితి నాటికి ఇంట్లో ఉన్నాను. అమ్మ స్టూలెక్కి, వినాయకుడి పైన కట్టిన పాలవెల్లికి మొక్కజొన్న పొత్తులు వేలాడదీస్తోంది. ఫోన్‌లో ఫొటో చూపించాను. కళ్లజోడు పైకి తోసుకుని కాసేపు చూసింది.

"ఇది పిల్లలకోడి కదూ? ఇంట్లోంచి కనబడేదానికి అంత దూరం పోయావా?"

ఆ నీళ్లలో ఉన్నదాన్ని చూడమన్నాను. చూసింది.

"బాగానే ఉంది. ఆ పురికొస ఇలా అందుకో, వెలక్కాయ కట్టాలి."