చోక్ వదిలితే ఆగిపోయే బండి
నాన్నగారి పాత పికప్‌కు ఇంజిన్ మార్చి పది రోజులైంది. చోక్, అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని తగ్గించే మీట, లాగి పట్టుకుంటేనే నడిచేది, వదిలితే ఆగిపోయేది. పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్‌ను మూడుసార్లు విప్పాను. అందులో పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె అడుగున తుప్పు పొడి కనిపిస్తే దొంగ దొరికాడనుకున్నాను. పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రాలు, జెట్లు, శుభ్రం చేసి బిగించినా అదే తీరు.

ఈరోజు విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన పానా పట్టకముందే వంగి చెవి పెట్టారు. "చోక్‌తో నడుస్తోందంటే ఎక్కడో గాలి ఎక్కువ లాగుతోంది బాబూ" అన్నారు. పెట్రోలు ఒక పాలైతే, బరువులో గాలి సుమారు 14.7 పాళ్లు ఉండాలి. మరీ మించితే మంట నిలవదు. ఆ మిశ్రమాన్ని ఇంజిన్‌లోకి పంపే మానిఫోల్డ్ వెనుక, వాడకంలో లేని, గాలి పీల్చే చిన్న వాక్యూమ్ గొట్టం మూత లేకుండా సన్నగా బుసకొడుతోంది. ఆయన వేలు అడ్డుపెట్టగానే ఇంజిన్ కుదురుకుంది. ఆ చెవికి దండం పెట్టాలనిపించింది.

రబ్బరు మూత తొడిగించి, చోక్ ముట్టకుండా వారధి దాటి ఇంటికి వచ్చాను. నాన్నగారు గేటు దగ్గరే నిలబడి చాలాసేపు ఆ శబ్దం విన్నారు.