బాణం గుర్తు

“చదివేవాణ్ని చంటిపిల్లవాడిలా చూడకు” అని మా డైరెక్టరు నలుగురి ముందూ కసిరింది.

బెర్లిన్‌లో మేం చేస్తున్నది బ్రౌజరులో నడిచే కథ. తెర నిండా గడులు. ఏ గడిని తాకితే కథ అటు మళ్లుతుంది, తాకిన గడి ఆరిపోతుంది. మొదలు ఇదీ అని ఉండదు. ఒక మూల నేను చిన్న బాణం గుర్తు వేసి ‘ఇక్కడి నుంచి’ అని రాశాను. అదే నా నేరం.

రైల్లో ఇంటికి వస్తున్నంతసేపూ ఆ మాటే నమిలాను. దారి తప్పడంలోనే రుచి ఉందట, అది నెట్‌తో పుట్టిన విద్యట. 1996లో ఒలియా లియాలినా అనే నెట్ కళాకారిణి యుద్ధం నుంచి తిరిగొచ్చిన ప్రియుడి కథను బ్రౌజరు ఫ్రేముల్లో చెప్పింది. నొక్కినకొద్దీ తెర ముక్కలవుతుంది. గొప్ప పని. నేనీ వృత్తిలోకి వచ్చిందే అది చూసి. కానీ దారి తప్పడం మాకు కొత్తా?

చిత్తూరు పక్కన మా ఊళ్లో భారతం 18 రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజు కింద తడిబట్టలతో పిల్లల కోసం మొక్కుకునే ఆడవాళ్లకు అదొక కథ. పైనుంచి పడే నిమ్మకాయల మీదే కన్నున్న మాకు వేరే కథ. ఇదంతా మా డైరెక్టరుకు చెబుదామని జర్మన్‌లో వాక్యాలు కూర్చుకున్నాను. ఉత్త గొప్పల్లా వినిపించాయి. ఊరు వదిలినవాడికి లోకంలోని ప్రతిదీ తన ఊళ్లో ముందే ఉన్నట్టు తోస్తుంది, అదో జబ్బు.

పైగా నేనెప్పుడు తప్పిపోయాను? జూదం మధ్యలో చాప మీద నిద్రపోయి, లేవగానే “ఎక్కడిదాకా వచ్చింది?” అనేవాణ్ని. పెద్దమ్మ వక్కాకు బుగ్గకు తోసి, “ఓడిపోయారు. ద్రౌపదిని సభకు ఈడ్చుకొచ్చారు, చూడు” అనేది. అర్ధరాత్రి ఒంటరిగా ఫోను పట్టుకున్నవాడికి పెద్దమ్మ ఎక్కణ్నుంచి వస్తుంది? నా బాణం అందుకే.

తీసేశాను లెండి. జీతమిచ్చేది ఆమె.

పని పూర్తయ్యాక లింకు అమ్మకు పంపాను. మాటలు జర్మన్‌వే అయినా బొమ్మలు చాలనుకున్నాను. మర్నాడు ఫోను చేసింది.

“తాకినకొద్దీ నల్లబడింది నాయనా. ఫోను పాడైందా?”

“లేదమ్మా, అది అంతే.”

“అయితే ఆ పెట్టె పట్టుకున్న పిల్ల ఏమైంది? ఇల్లు చేరిందా?”

చెప్పడానికి అరగంట పట్టింది.