పోస్టాఫీసు గోడ మీద ఊరి చరిత్ర

న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది వెంబడి ఉన్న హైడ్ పార్క్‌కు వెళ్లే మనవాళ్లు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఇల్లు, గ్రంథాలయం చూసి వెనక్కి వచ్చేస్తుంటారు. ఆ ఊరి పోస్టాఫీసులోకి కూడా ఒకసారి అడుగుపెట్టమని నా మనవి. 1941లో ఓలిన్ డౌస్ అనే చిత్రకారుడు ఆ ఊరి చరిత్రను అక్కడి గోడల పైభాగాన చిత్రించాడు. అందులో నన్ను ఎక్కువసేపు నిలబెట్టినది రూజ్‌వెల్ట్ బొమ్మ. పోలియో వల్ల కాళ్లు చచ్చుబడిన ఆ అధ్యక్షుడు, చేతులతోనే నడిపేలా మార్పు చేయించుకున్న తన కారులో కూర్చుని, కొత్తగా కడుతున్న హైస్కూలు ప్లాన్లను పరిశీలిస్తుంటాడు. దేశాధినేతను సింహాసనం మీద కాకుండా, ఊళ్లో బడి కడుతుంటే చూడడానికి వచ్చిన ఇరుగుపొరుగు మనిషిలా చూపించడం నాకెంతో నచ్చింది.

పక్కనే ఉన్న రైన్‌బెక్ పోస్టాఫీసులోనూ డౌస్ చిత్రాలే ఉన్నాయి. ఆయన ఆ ప్రాంతం వాడే. 1939లో రూజ్‌వెల్ట్ స్వయంగా పాల్గొని ప్రారంభించిన ఆ రాతి భవనాన్ని, 1910లో కాలిపోయిన ఒక పాత డచ్ ఇంటి పోలికలో కట్టారు. అంటే అక్కడ బొమ్మలే కాదు, కట్టడం కూడా ఊరి గతాన్ని చెబుతుంది.

ఇలాంటి చిత్రాలు అమెరికా అంతటా వెయ్యికి పైగా పోస్టాఫీసుల్లో వెలిశాయి. ఆర్థిక మాంద్యం రోజుల్లో, 1934లో, ట్రెజరీ శాఖ ఇందుకోసం ఎడ్వర్డ్ బ్రూస్ నాయకత్వంలో ఒక విభాగాన్ని ఏర్పరచింది. అది 1943 దాకా నడిచింది. కొత్త భవనం ఖర్చులో సుమారు ఒక శాతాన్ని కళకు కేటాయించేవారు. పేరు తెలియకుండా పంపిన నమూనాలతో పోటీలు పెట్టి చిత్రకారులను ఎంపిక చేసేవారు కాబట్టి, చాలామంది అనుకుంటున్నట్లు ఇది నిరుద్యోగులకు చేసిన సాయం కాదు. ఎంపికైనవారు ఆ ఊరికి వెళ్లి, అక్కడి జనంతో మాట్లాడి, వాళ్లకు తెలిసిన విషయాన్నే చిత్రించాలని ఆ విభాగం కోరేది. మ్యూజియం గడప తొక్కని రైతు కూడా స్టాంపు కొనడానికి వచ్చి తల పైకెత్తి చూస్తాడు. ఈ పథకంలోని గొప్పతనమంతా అక్కడే ఉందని నా నమ్మకం.

అయితే ఊరి చరిత్ర అన్నప్పుడు, అది ఎవరు చెప్పిన చరిత్ర అనే ప్రశ్న తప్పదు. ఓక్లహోమాలోని వటోంగాలో, అమెరికా ఆదివాసులైన షయాన్ జాతి నాయకుడు రోమన్ నోస్ చిత్రం తమవాళ్లలా లేదని, మరో ఆదివాసీ జాతి అయిన నవాహో వాడిలా ఉందని షయాన్‌లు 1941లో పోస్టాఫీసు ముందు నిరసన తెలిపారు. వాళ్ల పూర్వీకుణ్ణి ఇంకెవరి రూపంలోనో గోడకెక్కిస్తే వాళ్లెందుకు ఊరుకోవాలి?

ఐడహోలోని కెలాగ్ సంగతి నన్ను మరింత బాధిస్తుంది. అది గనుల ఊరు. 1939 నాటి పోటీలో గెలిచిన ఫ్లెచర్ మార్టిన్, గాయపడిన కార్మికుణ్ణి తోటివారు స్ట్రెచర్ మీద మోసుకొస్తున్న దృశ్యాన్ని ఎంచుకున్నాడు. కార్మిక సంఘం దాన్ని సమర్థించింది. గనుల యాజమాన్యాల తరఫువారికి అది గిట్టలేదు. చివరికి ఆ విభాగం తలొగ్గింది. ఊరికి పేరునిచ్చిన నోవా కెలాగ్, ఖనిజాన్ని పసిగట్టిందని చెప్పుకునే అతని గాడిద ఉన్న బొమ్మ 1941లో ఆ గోడకెక్కింది. అది ముచ్చటైన కథే, కాదనను. కానీ భూమి లోపలికి దిగిన మనుషుల కథ కూడా ఆ ఊరిదే కదా! వద్దన్న దృశ్యానికి మార్టిన్ వేసిన నమూనా చిత్రం ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ కళా మ్యూజియం సేకరణలో ఉంది. అది ఉండవలసిన చోటు మాత్రం కెలాగ్ పోస్టాఫీసేనని నా అభిప్రాయం.