పాత సెన్సారు ఊడి వచ్చింది

22 నంబరు పానా రెండోసారి జారినప్పుడు, పొగగొట్టం మీది మరలు చెడిపోతాయేమోనని నా గుండె ఝల్లుమంది. మెకానిక్ అన్న మాత్రం తొందరపడకుండా తుప్పు వదిలించే నూనె కొట్టి, ఇంజన్‌ను కాసేపు వేడెక్కించి మళ్లీ పట్టు పట్టగా, పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో ఇంజన్ కంప్యూటరుకు చెప్పే పాత ఆక్సిజన్ సెన్సారు ఊడి వచ్చింది. దాని మొన నల్లటి మసితో నిండిపోయి ఉంది.

కంపెనీ భాగానికి చెప్పిన ధరలో మూడో వంతుకే నల్గొండలో బయటి తయారీది దొరికింది. అయితే అంతకన్నా చవకగా, వైర్లు కత్తిరించి అతికించుకోవలసిన రకం కూడా చూపించారు. దానిని నేను వద్దన్నాను. నాలుగు వైర్లలో రెండు హీటరువి, మిగిలిన రెండు సంకేతానివి కాబట్టి, అతుకు సరిగా లేకపోతే ఇంజన్ కంప్యూటరుకు తప్పుడు లెక్క అందుతుంది. మా బండి కనెక్టరుకు అచ్చంగా సరిపోయేదే తీసుకున్నాను.

బిగించాక స్కానరు తెరపై వోల్టేజి 0.1కూ 0.9 వోల్టులకూ మధ్య చకచకా ఊగడం చూసి, కొత్తది సరిగా పనిచేస్తోందని నిజంగా సంతోషం కలిగింది. పొగలోని హానికర వాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టరు తర్వాత ఉండే రెండో సెన్సారు బాగానే ఉన్నందున దాని జోలికి పోలేదు.

"మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువ మండుతున్నట్టే, ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గులు కూడా చూద్దాం తమ్మీ" అన్నాడు అన్న. ఆదివారం మళ్లీ రమ్మన్నాడు. అప్పటిదాకా మిర్యాలగూడ రానుపోను ఎంత పెట్రోలు పడుతుందో రాసి పెట్టుకుంటాను.